రొట్టె మిషనుకి ఏ గింజ కావాలి?

మన గుంటూరు పల్లెల్లో బ్రెడ్డు అంటే జ్వరం తిండి. ఒళ్లు కాలుతుంటే కొట్లో ప్యాకెట్టు తెచ్చి పాలల్లో నానబెట్టి పెట్టేవాళ్లు. ఇప్పుడు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినోళ్లు బ్రెడ్ మిషను గురించి చెప్తున్నారు. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు వేసి మీట నొక్కితే చాలు. అదే పిసికి, పొంగించి, కాల్చి మూడు నాలుగు గంటల్లో రొట్టె ఇస్తుంది. ఈ మిషను చరిత్రలో రైతు చూడాల్సిన సంగతి ఒకటుంది.

ముందు మన రొట్టె సంగతి. 1855లో కృష్ణా ఆనకట్ట కట్టాక తెనాలి, రేపల్లె వైపు వరి బాగా పెరిగింది. పల్నాడు మెట్టలో మాత్రం జొన్నే దిక్కు. సంగటి, జొన్నన్నం, రొట్టె, అన్నీ దాంతోనే. 1967లో సాగర్ కాలవలకి నీళ్లొదిలాక అక్కడా మాగాణి వచ్చింది. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం మొదలయ్యాక కూలోళ్ల ఇళ్లలోనూ వరన్నమే. జొన్న రొట్టె చేత్తో తట్టగలిగినోళ్లు తగ్గిపోతూ వచ్చారు.

బ్రెడ్డు వచ్చిన దారి వేరు. 1965, 66 కరువులప్పుడు పీఎల్-480 కింద అమెరికా గోధుమలు ఓడల్లో దిగాయి. ఆ 1965లోనే కేంద్రం మోడరన్ బేకరీస్ కంపెనీ పెట్టింది. ప్యాకెట్ బ్రెడ్డు పట్నాల్లో మామూలైంది. 2000లో దాన్ని హిందుస్థాన్ లీవర్‌కి అమ్మేశారు. ఇదంతా గోధుమ కథే. గోధుమకి చలి కావాలి. మన చలికాలం దానికి చాలదు.

ఇక మిషను. జపాన్‌లో ఒసాకా దగ్గర మత్సుషితా కంపెనీ, అంటే ఇప్పటి పానసోనిక్, 1980ల్లో ఇంట్లో బ్రెడ్డు చేసే మిషను కోసం తంటాలు పడింది. పైన మాడిపోయేది, లోపల పచ్చిగా ఉండేది. ఇకుకో తనకా అనే ఉద్యోగిని ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్లో బ్రెడ్డు మేస్త్రి దగ్గర పని నేర్చుకుంది. ఆయన పిండిని సాగదీయడంతో ఆగకుండా మెలిపెడుతున్నాడని ఆమె పట్టుకుంది. ఆ పట్టు రావడానికి గిన్నె లోపలివైపు గట్లు పెట్టారు. ఎండకి పిండి ముందే పొంగిపోకుండా ఈస్టుని తర్వాత పడేట్టు చేశారు. 1987లో బజార్లోకి వదిలితే మొదటి ఏడే ఐదు లక్షలకి పైగా అమ్ముడుపోయాయి.

మరి మన జొన్నపిండి ఆ మిషనులో వేస్తే? పొంగదు. గోధుమలో గ్లూటెన్ అనే సాగే జిగురు ఉంటుంది. ఈస్టు వదిలే గాలిని అది బుడగలా పట్టి ఉంచుతుంది. జొన్నలో, బియ్యంలో అది లేదు. అందుకే మనోళ్లు జొన్నపిండిని వేడినీళ్లతో కలిపి, ఆ వచ్చిన కొద్ది బంకతోనే రొట్టె తడతారు. అది జొన్నకి తగ్గ పనితనం. గోధుమకి కట్టిన మిషనుకి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?

జపానోళ్లకీ ఇదే ఇబ్బంది వచ్చింది. యుద్ధం తర్వాత అమెరికా గోధుమతో బడిపిల్లలకి బ్రెడ్డు పెట్టారు. పోనుపోను అన్నం తినడం తగ్గి, వరి రైతుకి గిరాకీ పడిపోయింది. 2010 నవంబరులో శాన్యో కంపెనీ ‘గోపాన్’ అనే మిషను తెచ్చింది. గోహాన్ అంటే అన్నం, పాన్ అంటే బ్రెడ్డు. బియ్యం గింజల్నే పోస్తే అది నానబెట్టి, రుబ్బి, కొంచెం గ్లూటెన్, ఈస్టు కలిపి బ్రెడ్డు చేస్తుంది. పిండి మర అక్కర్లేదు. తయారీ అందుకోలేనన్ని ఆర్డర్లు రావడంతో కొన్నాళ్లు కొత్తవి తీసుకోవడం ఆపేశారు. అక్కడ గింజ మిషనుకి తగ్గట్టు మారలేదు. మిషనునే గింజకి తగ్గట్టు మార్చారు.

మన పక్కనే ఇంకో సాక్ష్యం ఉంది. 1955లో కోయంబత్తూరులో సభాపతి అనే ఆయన కరెంటు గ్రైండర్ తయారుచేశాడు. మన బియ్యానికి, మన మినుములకి కట్టిన మిషను అది. రుబ్బురోలు దగ్గర ఆడోళ్ల నడుం నొప్పి తగ్గింది. ఒకప్పుడు పండగకో చుట్టాలొస్తేనో పోసే ఇడ్లీ రోజూ టిఫినైంది. మినుములకి గిరాకీ ఎప్పుడూ ఉండేట్టు చేసిన వాటిలో ఆ గ్రైండరుదీ ఒక చెయ్యి.

ఇప్పుడు తెనాలి, బాపట్ల వైపు వరి కోశాక ఆ మాగాణుల్లోనే జొన్న, మొక్కజొన్న వేస్తున్నారు. దిగుబడి బాగానే వస్తుంది. అందులో చాలా భాగం కోళ్ల దాణాకి పోతుంది, ధర కూడా ఆ కొనేవాళ్లు చెప్పిందే. మన ఇళ్లలో రొట్టె తినేవాళ్లున్నా, తట్టే ఓపిక లేక గోధుమపిండి ప్యాకెట్టు తెచ్చుకుంటున్నారు. జొన్నపిండిని వేడినీళ్లతో కలిపి, తట్టి, కాల్చే చిన్న మిషను చవగ్గా పల్లె ఇళ్లలోకి వస్తే, దాణా కంపెనీ కాకుండా మన గింజకి ఇంకో కొనేవాడు పుడతాడు.

కొత్త వంట మిషను ఇంటికొచ్చినప్పుడు కరెంటు ఎంత కాలుద్ది అని అడుగుతాం. ఏ ఊరి పంటకి కట్టారో కూడా అడగాల.