ఫ్రెంచ్ ఇమ్మర్షన్ (కెనడా బాలల ద్విభాషా విద్య)

ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు ఫ్రెంచిని ఒక సబ్జెక్టుగా చెప్పడంతో సరిపెట్టకుండా, మిగతా చదువంతా ఆ భాషలోనే చెప్పే కెనడా విద్యావిధానాన్ని ఫ్రెంచ్ ఇమ్మర్షన్ అంటారు. లెక్కలు, సైన్సు, పాటలు, బొమ్మలు వేయడం అన్నీ ఫ్రెంచిలోనే సాగుతాయి. 1965లో క్యుబెక్ రాష్ట్రంలో ఒక్క కిండర్‌గార్టెన్ తరగతితో మొదలైన ఈ విధానంలో ఇప్పుడు దేశమంతటా 4 లక్షలకు పైగా విద్యార్థులు చదువుతున్నారు. చిన్నపిల్లలకు రెండో భాష నేర్పే పద్ధతుల్లో పరిశోధకులు ఇంత నిశితంగా, ఇన్నేళ్లపాటు గమనించినవి చాలా తక్కువ.

పుట్టుక

మాంట్రియల్‌కు ఎదురుగా, సెయింట్ లారెన్స్ నది దక్షిణపు ఒడ్డున సెయింట్ లాంబర్ట్ అనే చిన్న పట్టణం ఉంది. 1960ల్లో క్యుబెక్‌లో ఫ్రెంచి వాళ్లు తమ భాషకు దక్కాల్సిన స్థానం కోసం గట్టిగా నిలబడుతున్నారు. అక్కడి ఇంగ్లీషు కుటుంబాల పిల్లలు మాత్రం ఏళ్లతరబడి బడిలో ఫ్రెంచి పాఠాలు విన్నా పక్కింటివాళ్లతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయేవారు. పదాల పట్టికలు, వ్యాకరణ సూత్రాలు నోటికి వచ్చేవి గానీ భాష వచ్చేది కాదు.

ఈ పరిస్థితిని మార్చాలని 1963లో కొందరు తల్లిదండ్రులు ఒక బృందంగా ఏర్పడ్డారు. ఓల్గా మెలికాఫ్, మ్యురియెల్ పార్క్స్, వాలెరీ నీల్ దానికి ముందు నిలిచారు. స్కూల్ బోర్డు మొదట ఒప్పుకోలేదు. వాళ్లు వెనక్కి తగ్గకుండా మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త వాలెస్ లాంబర్ట్, మెదడు శస్త్రచికిత్సలో పేరుపొందిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ వంటి వారి సలహా తీసుకున్నారు. చివరికి 1965 సెప్టెంబరులో 26 మంది పిల్లలతో ప్రయోగాత్మక తరగతి మొదలైంది. ఈ విధానం ఏ ప్రభుత్వ ఉత్తర్వుతోనూ పుట్టలేదు. అమ్మానాన్నలు పట్టుబట్టి సాధించుకున్నారు. దీని విజయం గురించి మాట్లాడే ప్రతిచోటా ఆ సంగతి గుర్తుచేయాలి.

లాంబర్ట్ అప్పటికే 1962లో ఎలిజబెత్ పీల్‌తో కలిసి మాంట్రియల్‌లోని పదేళ్ల పిల్లలపై ఒక అధ్యయనం ప్రచురించాడు. రెండు భాషలు వస్తే పిల్లల బుద్ధి మందగిస్తుందన్న పాత నమ్మకం తప్పని ఆ ఫలితాలు చూపించాయి. రెండు భాషలూ సమానంగా వచ్చిన పిల్లల్నే ఎంచుకున్నారన్న విమర్శ తర్వాత వచ్చింది, అందులో న్యాయముంది. అయినా తల్లిదండ్రులకు ధైర్యమిచ్చింది ఆ అధ్యయనమే. సెయింట్ లాంబర్ట్ పిల్లల ప్రగతిని లాంబర్ట్, రిచర్డ్ టకర్ ఏటా పరీక్షించి 1972లో పుస్తకంగా తెచ్చారు. ఈలోగా 1969లో అధికార భాషల చట్టం వచ్చి, ఫ్రెంచి తెలిసినవారికి కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో విలువ పెరిగింది. ఇతర రాష్ట్రాల్లోనూ ఇమ్మర్షన్ తరగతులు వెలిశాయి.

తరగతి గదిలో

పూర్తిస్థాయి తొలి ఇమ్మర్షన్ కిండర్‌గార్టెన్‌లో గానీ ఒకటో తరగతిలో గానీ మొదలవుతుంది. నాలుగో తరగతి ప్రాంతంలో మొదలయ్యేది మధ్య ఇమ్మర్షన్. ఆరు, ఏడు తరగతుల్లో మొదలైతే ఆలస్య ఇమ్మర్షన్.

మొదటి నెలల్లో టీచరు ఫ్రెంచిలోనే మాట్లాడుతుంది, పిల్లలు ఇంగ్లీషులో జవాబిచ్చినా ఏమీ అనదు. చలికాలంలో బయటికి వెళ్లేముందు కోటు, బూట్లు, చేతి తొడుగులు ఒక్కొక్కటే చూపిస్తూ, తొడుగుతూ అవే మాటలు రోజూ పలుకుతుంది. రోజూ అదే వేళకు, అదే పనితో పాటు వినబడే మాటకు పిల్లవాడు అర్థం తనే పట్టుకుంటాడు. అనువాదం అవసరం రాదు. చదవడం, రాయడం కూడా ముందు ఫ్రెంచిలోనే నేర్పుతారు. ఇంగ్లీషు పాఠాలు రెండో తరగతిలోనో, మూడో తరగతిలోనో, కొన్నిచోట్ల నాలుగులోనో మొదలై, ప్రాథమిక పాఠశాల ముగిసేసరికి దాదాపు సగం సమయం తీసుకుంటాయి.

ఫలితాలు, లోపాలు

తల్లిదండ్రుల మొదటి భయం ఇంగ్లీషు పోతుందేమోనని. ఇంగ్లీషు పాఠాలు మొదలయ్యే దాకా ఆ భాషలో చదవడంలో, స్పెల్లింగులో పిల్లలు వెనకబడే మాట నిజమే. పాఠాలు మొదలయ్యాక ఏడాది తిరిగేసరికి ఆ తేడా పోతుందని పరిశోధనలు పదే పదే చూపించాయి. లెక్కల్లో, సైన్సులో కూడా నష్టం కనబడలేదు. ప్రాథమిక పాఠశాల ముగిసేనాటికి విని, చదివి అర్థం చేసుకోవడంలో వాళ్లు ఫ్రెంచి మాతృభాషగా ఉన్న పిల్లలకు దగ్గరగా వస్తారు.

మాట్లాడటం, రాయడం దగ్గర కథ వేరు. ఏళ్లతరబడి ఫ్రెంచిలో చదివిన పిల్లలు కూడా నామవాచకాల లింగం తప్పుతారు, భూతకాల రూపాలు కలగాపులగం చేస్తారు. ఏకవచనంలో చనువుగా పిలిచే ‘త్యు’కూ, మన్నించి పిలిచే ‘వూ’కూ తేడా పాటించరు. టీచరు ఒక్కో పిల్లవాడినీ ‘త్యు’ అనే పిలుస్తుంది, ‘వూ’ తరగతి మొత్తాన్ని ఉద్దేశించి వినబడుతుంది. ఒక మనిషిని మన్నించడానికి అదే మాట వాడతారని పిల్లలు ఎక్కడ వింటారు?

1985లో భాషా పరిశోధకురాలు మెరిల్ స్వేన్ దీనికొక కారణం చెప్పింది. వినడం ఎంత ఉన్నా చాలదు, పిల్లలు తామే మాట కూర్చుకుని పలకాలి, రాయాలి, అప్పుడే రూపం మీద దృష్టి పడుతుంది అని ఆమె వాదన. మెక్‌గిల్‌కే చెందిన రాయ్ లిస్టర్, లీలా రాంటాతో కలిసి 1997లో ప్రచురించిన పరిశీలన దీన్ని ఇంకా దగ్గరగా చూపించింది. పిల్లవాడు టోపీని ‘లా శాపో’ అని స్త్రీలింగంలో అంటాడు. టీచరు నవ్వుతూ ‘వి, లె శాపో’ అంటుంది. పిల్లవాడికి వినబడేది ‘వి’, అంటే అవునన్నమాట. తన తప్పు దిద్దారని తెలియకుండానే మాటల్లో ముందుకు సాగిపోతాడు. టీచర్ల దిద్దుబాట్లలో సగానికి పైగా ఈ తీరువే. వాటిలో మూడోవంతుకు కూడా పిల్లల నుంచి స్పందన లేదు. సరైన రూపాన్ని వెంటనే అందించకుండా, ‘లా శాపోనా?’ అని ఆగి, పిల్లవాడి చేతే దిద్దించడం ఎక్కువ ఫలిస్తుందని లిస్టర్ తర్వాతి ప్రయోగాలు చూపాయి. శాపో, బాతో, గాతో వంటి మాటల చివరి ధ్వనిని బట్టి లింగం పోల్చుకోవడం కూడా ఆయన పిల్లలకు నేర్పించాడు.

చిన్నతనంలోనే మొదలుపెట్టాలన్న పెన్‌ఫీల్డ్ మాట పూర్తిగా నిలవలేదు. ఉచ్చారణలో, ధారాళంగా మాట్లాడటంలో చిన్నవయసుకు మేలు ఉంది. చదవడం, రాయడంలో మాత్రం ఆలస్యంగా చేరినవాళ్లు త్వరగానే అందుకుంటారు.

ఫ్రెంచి పిల్లలకు ఇంగ్లీషు

క్యుబెక్ ఫ్రెంచి బడుల్లో తిరుగు ఇమ్మర్షన్ లేదు. 1977 నాటి ఫ్రెంచి భాషా చట్టం ప్రకారం అక్కడి బోధన ఫ్రెంచిలోనే జరగాలి. ఇంగ్లీషు ఒక సబ్జెక్టు మాత్రమే, 2006 నుంచి దాన్ని ఒకటో తరగతి నుంచే చెబుతున్నారు. కొన్ని బడులు ఆరో తరగతిలో ఏడాదిలో సగాన్ని ఇంగ్లీషుకే కేటాయించి, మిగతా సబ్జెక్టులను రెండో సగంలోకి సర్దుతాయి. ఖండమంతా ఇంగ్లీషు పరుచుకున్న చోట తమ భాష కరిగిపోకూడదన్న ఆరాటం ఇందులో ఉంది, దాన్ని సంకుచితత్వం అనలేం.

వివాదాలు

డిమాండుకు తగ్గట్టు టీచర్లు దొరకరు. బ్రిటిష్ కొలంబియాలో కొన్నిచోట్ల సీట్లకు లాటరీ తీయాల్సి వస్తుంది. చదువులో ఇబ్బంది పడే పిల్లలు ఇమ్మర్షన్ వదిలేయడంతో సాధారణ తరగతుల్లో వాళ్లే ఎక్కువగా మిగులుతున్నారన్న ఆరోపణ బలమైనది. న్యూ బ్రన్స్‌విక్ ప్రభుత్వం 2008లో తొలి ఇమ్మర్షన్‌ను ఎత్తేయబోయింది. నిరసనలు, కోర్టు కేసుల తర్వాత మూడో తరగతి నుంచి ఉంచింది, 2017లో మళ్లీ ఒకటో తరగతికి తెచ్చింది. ఇమ్మర్షన్ స్థానంలో వేరే పథకం తేవాలన్న ప్రతిపాదనను 2023లో జనం వ్యతిరేకతతో విరమించుకుంది.

ఇంటి భాష, తెలుగు పిల్లలు

లాంబర్ట్ రెండు రకాల ద్విభాషితను వేరుచేశాడు. ఉన్న భాషకు మరొకటి కలిసేది ఒకటి, కొత్తది వచ్చి ఉన్నదాన్ని తోసేసేది మరొకటి. సెయింట్ లాంబర్ట్ పిల్లలది మొదటి రకం. వాళ్ల ఇంగ్లీషుకు ఇంట్లో, వీధిలో, టీవీలో ఏ ముప్పూ లేదు. తరగతిలో అందరూ ఫ్రెంచికి కొత్తవాళ్లే, టీచరుకు పిల్లల భాష తెలుసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1 నుంచి 6 తరగతుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ 2019లో ఉత్తర్వు ఇచ్చినప్పుడు, దాన్ని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసినప్పుడు సాగిన చర్చల్లో ఈ తేడాను తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లవాడిని, ఆ భాషలో ధారాళంగా మాట్లాడలేని టీచరు ముందు కూర్చోబెట్టి కెనడా ఫలితాలు ఆశించడం పిల్లవాడికి అన్యాయం చేయడమే.

కెనడాలో పెరిగే తెలుగు పిల్లలకు ఇమ్మర్షన్‌లో ఫ్రెంచి మూడో భాష అవుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడితే బరువెక్కువవుతుందని అక్కడ కొందరు తల్లిదండ్రులు వెనకాడతారు. ఇలాంటి వలస కుటుంబాల విద్యార్థులపై టొరంటోలో స్వేన్, ఆమె సహచరులు చేసి 1990లో ప్రచురించిన అధ్యయనం ఎనిమిదో తరగతివాళ్ల ఫ్రెంచిని పరీక్షించింది. ఇంటి భాషలో చదవడం, రాయడం వచ్చినవారు అందులో ముందున్నారు. మాట్లాడటం మాత్రమే వచ్చినవారికి ఆ లాభం అంతగా దక్కలేదు.