నిర్బంధ విద్య

నిర్బంధ విద్య అనగా నిర్ణీత వయస్సు గల బాలబాలికలందరును తప్పనిసరిగా పాఠశాలలో చదువునట్లు చట్టము ద్వారా ఏర్పరచిన విధానము. భారతదేశములో ఇది 6 నుండి 14 సంవత్సరముల వయస్సు వారికి వర్తించును. "బడికి ఎందుకు పోవాలి?" అని పిల్లలు అడిగినపుడు "పోకపోతే తప్పు" అని పెద్దలు చెప్పుట వాడుక. కాని మన చట్టములో ఆ తప్పు పిల్లలది కాదు. 2009 నాటి విద్యా హక్కు చట్టము (అమలు తేదీ 2010 ఏప్రిల్ 1) ప్రకారము నిర్బంధము ప్రభుత్వముపై ఉన్నది: పిల్లలను చేర్చుకొనుట, వారు రోజూ వచ్చునట్లు చూచుట, ఎనిమిదవ తరగతి పూర్తి చేయించుట దాని బాధ్యత. పిల్లలను బడిలో చేర్పించుట తల్లిదండ్రుల కర్తవ్యమని చెప్పినను, అట్లు చేయనివారికి ఈ చట్టములో శిక్ష లేదు. ఇంగ్లండులో పిల్లలు బడి మానినచో తల్లిదండ్రులకు జరిమానా విధించు పద్ధతి కలదు.

చరిత్ర

ప్రష్యా రాజ్యములో 1763లోనే బడి తప్పనిసరి అని శాసనము చేసిరి. భారతదేశములో బరోడా సంస్థానము 1906లో ఈ విధానమును అమలు చేసినది. గోపాలకృష్ణ గోఖలే 1911లో కేంద్ర శాసన మండలిలో ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా బిల్లు మరుసటి సంవత్సరము వీగిపోయినది. అనకాపల్లి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నము జిల్లాలో ఉండెడిది. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము తమ పరిధిలో నిర్బంధ విద్యను ప్రవేశపెట్టుటకు స్థానిక సంస్థలకు అవకాశమిచ్చినది.

రాజ్యాంగములోని 45వ అధికరణము పదేండ్లలో, అనగా 1960 నాటికి, 14 ఏండ్ల లోపు వారందరికిని ఉచిత నిర్బంధ విద్య అందించుటకు ప్రయత్నించవలెనని నిర్దేశించినది. ఆ గడువు దాటి ముప్పదేండ్లు గడచిన తరువాత, 1993లో, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు 14 ఏండ్ల వరకు విద్య ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినది. విచిత్రమేమనగా ఆ వ్యాజ్యము చిన్నపిల్లల బడి గురించి వచ్చినది కాదు. ఇంజనీరింగు, వైద్య కళాశాలల ఫీజుల గురించి వచ్చినది. 2002లో 86వ సవరణ ద్వారా 21ఎ అధికరణము రాజ్యాంగములో చేరినది.

పేదరికము అడ్డమా?

కూలివారికి పిల్లల సంపాదన అవసరము కనుక వారు బడికి పంపరనునది చిరకాలపు అభిప్రాయము. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ అనుభవము దీనికి విరుద్ధముగా ఉన్నది. బడి మానిన పిల్లలను శిబిరములలో ఉంచి, చదువు నేర్పి, వారి వయస్సుకు తగిన తరగతిలో చేర్చినచో, నిరుపేద తల్లిదండ్రులు సైతము పంపుటకు ముందుకు వచ్చిరి. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే అని ఆ సంస్థ వాదము. దీనికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. వయస్సుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనను నియమము తరువాత 2009 చట్టములోను చేరినది.

అనకాపల్లి ప్రాంతములో

2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన అనకాపల్లి శారదా నది ఒడ్డున ఉన్నది. బెల్లము వ్యాపారమునకు దేశములో పేరు పొందినది. చెరకు నరుకుట, గానుగ ఆడించుట, బెల్లము వండుట చలికాలము నుండి వేసవి వరకు సాగును. బడిలో పాఠములు ముగిసి వార్షిక పరీక్షలు వచ్చునదియు ఆ కాలముననే. పెద్దలు పొలమునకు పోయినపుడు చంటిబిడ్డను చూచుకొనుటకు ఆడపిల్లను ఇంట నిలుపుట, గానుగ వద్దకు మగపిల్లవానిని తీసుకొనిపోవుట పల్లె బడులలో పనిచేసినవారు ఎరిగిన సంగతులే. హాజరు పట్టీలో పేరు ఉండును, బిడ్డ ఉండదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టము 14 ఏండ్ల లోపు వారిని పనిలో పెట్టుటను నిషేధించినది. అయితే అపాయకరము కాని కుటుంబ వృత్తిలో బడి వేళల తరువాత, సెలవులలో సాయపడుటకు అనుమతించినది. బడి వేళ ఎప్పుడు ముగిసినదో గానుగ వద్ద ఎవరు చూతురు?

బడి వలన ఆ బిడ్డకు కలుగు మేలు మొదట ఉద్యోగము కాదు. బెల్లము దిమ్మలు మార్కెట్టుకు వేసిన రైతు తూకము, ధర, కమీషను, కూలి కోతలు వ్రాసిన లెక్క చీటీని తానే చదువుకొనగలుగుట మేలు. చదువురాని వాడు చీటీ ఇచ్చినవానినే చదివి చెప్పమని అడుగవలెను.

పదునాలుగేండ్ల హద్దు

చట్టపు రక్షణ 14 ఏండ్లతో, సాధారణముగా ఎనిమిదవ తరగతితో, ముగియును. పదవ తరగతి దాని వెలుపల ఉన్నది. ఏ చిన్న ఉద్యోగమునకైనను, ఐ.టి.ఐ.లోని అధిక భాగము కోర్సులకైనను అడుగునది పదవ తరగతి ధ్రువపత్రమే. అదే వయస్సులో, అపాయకరము కాని పనులలో చేరుటకు చట్టము అడ్డు చెప్పదు. ఆడపిల్లల విషయములో పెండ్లి మాటలు మొదలగునది కూడ అప్పుడే. 2020 నాటి జాతీయ విద్యా విధానము 3 నుండి 18 ఏండ్ల వరకు అందరికిని విద్య అందవలెనని ఆశయముగా చెప్పినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో ప్రారంభమైన అమ్మ ఒడి, 2025లో వచ్చిన తల్లికి వందనము పథకములు ఇంటర్మీడియట్ వరకు చదువు పిల్లల తల్లులకు ధనసహాయము ఇచ్చునట్లు రూపొందించబడినవి. అనగా సహాయము ఇంటరు వరకు అందుచున్నను, హక్కు ఎనిమిదవ తరగతి వద్దనే ఆగియున్నది. పథకములు ప్రభుత్వముతో పాటు మారును. హక్కు అట్లు మారదు.