చప్పుడు కాని రివాల్వరు

అపరాధ పరిశోధక నవలలు చదివే అలవాటున్న వారికి ఈ ఘట్టము కొత్త కాదు. అర్ధరాత్రి, మేడమీది గది. హంతకుడు జేబులోనుంచి రివాల్వరు తీసి, గొట్టము చివర 'సైలెన్సరు' బిగించి కాల్చుతాడు. పక్కగదిలోని వారికి మెలకువ రాదు. చప్పుడు ఎవరూ వినలేదు గనుక హత్య ఏ వేళకు జరిగినదో తేలదు. ఆ తేలకపోవడము మీదనే కథ నూరు పుటలు నడుస్తుంది.

ఈ కథను పడగొట్టడానికి డిటెక్టివు అక్కరలేదు, ఫిజిక్సు మాస్టరుగారు చాలును.

సైలెన్సరును జయప్రదముగా తయారుచేసి అమ్మకానికి పెట్టినవాడు అమెరికా ఇంజనీరు హైరం పెర్సీ మాక్సిం. పేటెంటు పొందినది 1909లో. మరతుపాకిని నిర్మించిన సర్ హైరం మాక్సిం ఇతని తండ్రి. తన తుపాకుల మ్రోతకే ఆ తండ్రి చెవులు దెబ్బతిన్నవి! కొడుకు కనిపెట్టిన సూత్రము తెలియాలంటే సైకిలు ట్యూబును తలచుకోండి. ట్యూబు పగిలితే 'ఢాం' మంటుంది. వాల్వు వదులు చేస్తే అదే గాలి 'బుస్' మంటూ పోతుంది. గాలి అంతే, ఒత్తిడి అంతే. బయటపడే వ్యవధిలోనే తేడా. తుపాకిలో మందు మండగా పుట్టిన వాయువులు గుండు వెంబడే గొట్టము మూతిని దాటి ఒక్కసారిగా వ్యాకోచిస్తవి. వాటిని చిన్న చిన్న అరలలో తిప్పి, చల్లార్చి, మెల్లగా వదలడమే సైలెన్సరు పని. మోటారుకారు పొగగొట్టానికి అమర్చేదీ ఇటువంటిదే.

ఇక రివాల్వరు సంగతి. దీనిలో తూటాలు గుండ్రముగా తిరిగే చక్రములో ఉంటవి, గొట్టము వేరుగా ఉంటుంది. చక్రము ఒరుసుకొనక తిరగవలెనంటే రెంటికీ నడుమ సన్నని సందు తప్పదు. వాయువులలో కొంత భాగము సైలెన్సరును చేరకముందే ఆ సందులోనుంచి చిమ్ముతుంది. ముందు తలుపుకు తాళము వేసి దొడ్డితలుపు తెరచిపెట్టినట్లన్నమాట. పైగా గుండు వేగము సెకనుకు సుమారు 340 మీటర్లు, అనగా గాలిలో ధ్వనివేగము, దాటినదా, గుండే కొరడా ఝళిపించినట్లు చప్పుడు చేస్తుంది. దానిని ఏ సైలెన్సరూ ఆపలేదు.

అయితే రచయితకు ఒక దారి ఉన్నది. రష్యా సైన్యము 1895లో స్వీకరించిన నాగాన్ రివాల్వరులో, కొట్టుడుమేకు వెనుకకు లాగగానే చక్రము ముందుకు జరిగి, పొడవైన తూటాగొట్టము మూతి తుపాకి గొట్టములో దూరి సందును మూసివేస్తుంది. వాయువు వృథా కారాదని చేసిన ఏర్పాటది. చప్పుడు తగ్గించుటకు కాదు. ఈ సంగతి తెలిసిన రచయితకు మంచి ఆధారము కూడ దొరుకుతుంది: ఆ ఊరిలో రష్యా రివాల్వరు ఎవరికి ఎట్లా వచ్చినది?

ఇటువంటి తప్పులు పట్టే పాఠకులలో ప్రసిద్ధుడు గ్లాస్గో నగరవాసి జెఫ్రీ బూత్‌రాయిడ్. ఇయాన్ ఫ్లెమింగ్ తన గూఢచారి జేమ్స్ బాండ్‌కు చిన్న బెరెట్టా పిస్తోలు ఇచ్చినాడు. అది ఆడవారి పిస్తోలని, అటువంటి మనిషికి తగదని బూత్‌రాయిడ్ 1956లో ఉత్తరము వ్రాసినాడు. ఫ్లెమింగ్ కోపగించుకొనలేదు. సలహాలడిగి, 1958లో వెలువడిన 'డాక్టర్ నో' నవలలో బాండ్ ఆయుధమును మార్చి, ఆ మార్పు చేయించే ఆయుధాధికారికి మేజర్ బూత్‌రాయిడ్ అనే పేరే పెట్టినాడు.

మరొక నవల ముఖచిత్రము కోసము బూత్‌రాయిడ్ తన సొంత రివాల్వరును చిత్రకారునికి అరువిచ్చినాడు. ఇంతలో గ్లాస్గో ప్రాంతములో ఒకే ఇంట ముగ్గురు హత్యకు గురియైనారు. వాడిన ఆయుధము అటువంటిదే. ఒక రాత్రి బూత్‌రాయిడ్‌కు పోలీసులనుంచి టెలిఫోను వచ్చినది: మీ రివాల్వరు ఎక్కడ ఉన్నది? అసలు హంతకుడు పీటర్ మాన్యుయెల్ తరువాత దొరికినాడు, 1958లో ఉరితీయబడినాడు. రివాల్వరు మాత్రము బొమ్మగా మారి 1957లో 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' అట్టమీద అచ్చయినది.