వీధి ఎవరిది? – హనుమాన్ జంక్షన్ బాటల చరిత్ర

హనుమాన్ జంక్షన్ రాజులు కోట కట్టగా వెలసిన ఊరు కాదు. బాటలు కలిసినందున పెరిగిన ఊరు. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసే ఆ కూడలి, అక్కడి ఆంజనేయస్వామి ఆలయం కలిసి ఊరి పేరయ్యాయి. నూజివీడు పేరుతో ఉన్న రైలు స్టేషన్ కూడా ఇక్కడిదే. కనుక ఈ ఊరి నడిబొడ్డును బాగుచేయడమంటే ముందుగా బాటను బాగుచేయడమే.

1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు దొరలు బందరులో దిగేనాటికి ఈ నల్లరేగడి నేలలో వానాకాలపు ప్రయాణం ఎంతో ప్రయాస. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలే రాజమార్గాలయ్యాయి. మనుషులు, ధాన్యం, సువార్త కూడా పడవలెక్కి సాగాయి. ఏలూరులో 1854లో, బెజవాడలో 1858లో మిషను కేంద్రాలు వెలిశాయి. రాఘవాపురం వాస్తవ్యుడు పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం పొందాడు. పేటలలోని మన సంఘాలకు ఆయన మొదటి అడుగు.

అయితే బాట ఉన్నంత మాత్రాన అది అందరిదీ కాలేదు. పేటవారు ఊరి వీధిలో చెప్పులు విడిచి చేతపట్టుకొని నడిచిన కాలమది. 1924లో మద్రాసు శాసనసభలో రెట్టమలై శ్రీనివాసన్ తెచ్చిన తీర్మానం బహిరంగ మార్గాలు, బావులు అందరివీ అని చెప్పింది. 1938లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో బావులతోపాటు రోడ్ల పేరు కూడా చేర్చింది. వీధిలో తలెత్తి నడిచే హక్కు మన తాతలకు ఊరక దొరకలేదు.

తరువాత మోటారు వచ్చింది. మద్రాసు–కలకత్తా రహదారి ఊరి మధ్యగా సాగినందున వ్యాపారం పెరిగింది, కాని నడిచేవాడు మురుగుకాలువ అంచుకు చేరాడు. నాడు కులం తోసివేసిన మనిషిని నేడు చక్రం తోసివేసింది. ఇప్పుడు ఆరు వరుసల రహదారికి ఊరి వెలుపల సుమారు ఏడు కిలోమీటర్ల బైపాస్ ఏర్పడింది. దూరప్రయాణపు లారీలకు వేరే దారి దొరికింది గనుక, పాత రోడ్డును మళ్ళీ వీధిగా మార్చుకొనే అవకాశం కలిగింది.

ఆ పనికి ఒక వరుస ఉన్నది. ముందు మురుగుకాలువలు, నీటి గొట్టాలు సరిచేయాలి. ఆ తరువాతే పైన రాళ్లు పరచాలి. లేకుంటే ఈ ఏడు పరచిన రాయిని వచ్చే ఏడు పెకలించవలసి వస్తుంది. కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలనీ, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించరాదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం. అంతకంటె ఎత్తయితే ముసలివారు ఎక్కలేక రోడ్డు మీదనే నడుస్తారు. తోపుడుబండ్లవారిని తరిమివేయడం కూడా బాగుచేయడం కాదు. వారికి చోటు చూపాలని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చెబుతున్నది.

యెషయా ప్రవక్త 58వ అధ్యాయంలో ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడాన్ని, త్రోవలు బాగుచేయడాన్ని ఒక్కచోటనే చెప్పాడు. కనుక ప్రియ సంఘస్థులారా, శతాబ్ది సంవత్సరంలో గుడికి సున్నం వేసి ఊరుకోవద్దు. గ్రామసభకు వెళ్లి కాలిబాట అడుగుదాం. గుడికి వచ్చే అవ్వ, బడికి వెళ్లే బిడ్డ, మసీదుకు, కోవెలకు వెళ్లే పొరుగువాడు – అందరూ నడిచేది ఆ బాట మీదనే.