మంప్సిమస్ – దిద్దినా దిద్దుకోని తప్పు

‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు’ అని మనకొక నానుడి ఉన్నది. ఇంచుమించు ఆ భావాన్నే ఒక్క మాటలో ఇముడ్చుకున్న ఆంగ్లపదం ‘మంప్సిమస్’. తెలియక చేసినది పొరపాటు. తెలియజెప్పిన పిమ్మట కూడా పట్టుదలతో అంటిపెట్టుకున్నది మంప్సిమస్. ఆ తప్పునూ, దానిని విడువని మనిషినీ కూడా ఈ మాటతోనే పేర్కొంటారు.

ఈ పదానికి ధాతువు వెదకి ప్రయోజనం లేదు. దీని పుట్టుకే ఒక తప్పు. కాథలిక్కుల లాటిన్ పూజావిధిలో, దివ్యసత్ప్రసాద స్వీకారానంతరం పఠించే ప్రార్థనలో ‘సంప్సిమస్’ అనే క్రియాపదం వస్తుంది. ‘స్వీకరించితిమి’ అని దాని అర్థం. చదువు చాలని ఒక పాదిరీ దానిని ‘మంప్సిమస్’ అని పఠించేవాడట. లాటిన్‌లో అటువంటి మాటే లేదు. ఒకరు సవరించబోగా, మీ కొత్త సంప్సిమస్ కోసం నా పాత మంప్సిమస్‌ను మార్చుకోను పొమ్మన్నాడట.

ఈ కథను ఎరాస్మస్ 1516లో ఒక లేఖలో ప్రస్తావించాడు. ఆ యేడే ఆయన బైబిలు కొత్త నిబంధన గ్రీకు మూలాన్ని, సవరించిన లాటిన్ అనువాదంతో సహా ప్రకటించాడు. అలవాటైన పాఠాన్ని తాకడమే అపచారమని పలువురు ఆక్షేపించారు. కనుక ఆయనకిది వట్టి హాస్యకథ కాదు. మరుసటి యేడు రిచర్డ్ పేస్ అనే ఆంగ్లపండితుడు, విద్యాప్రయోజనాన్ని గురించి వ్రాసిన లాటిన్ గ్రంథంలో ఇదే కథ చెప్పాడు. ఎరాస్మస్ చెప్పిన పాదిరీ ఇరవై యేళ్ళు తప్పు చదివితే, పేస్ చెప్పినవాడు ముప్పై యేళ్ళు చదివాడు!

1545 డిసెంబరు 24న ఎనిమిదవ హెన్రీ రాజు పార్లమెంటులో మాట్లాడుతూ, మతబోధకులలో కొందరు పాత మంప్సిమస్‌ను వదలరనీ, మరికొందరు కొత్త సంప్సిమస్ కోసం అత్యుత్సాహపడుతున్నారనీ ఇరుపక్షాలనూ మందలించాడు. ఒప్పు తెలిసినవారికీ చీవాట్లు తప్పలేదన్నమాట.

పాఠకమిత్రులారా, ఆ పాదిరీని చూచి నవ్వే అర్హత నాకు లేదు. ఎన్నో యేళ్ళు నేను నల్లబల్ల మీద ‘ఉచ్ఛారణ’ అని ఒత్తు ‘ఛ’తో వ్రాశాను. ఒకనాడు పదవ తరగతి పిల్లవాడు లేచి, “మాస్టారూ, మీరు చెప్పిన శ్చుత్వసంధి ప్రకారం ఉత్, చారణ కలిస్తే ‘ఉచ్చారణ’ కావాలి కదండీ?” అన్నాడు. “మా గురువుగారు ఇట్లాగే వ్రాసేవారు, కూర్చో” అన్నాను.

ఇంటికి వెళ్ళి నిఘంటువు తీస్తే వాడిదే ఒప్పు. మరునాటి నుంచి సరిగానే వ్రాశాను గాని, దిద్దినది ఫలానా వాడని తరగతిలో చెప్పలేదు. ఆ మాట వాడికి ఇప్పటికీ బాకీ ఉన్నాను.