మేళము కట్టుట: తంజావూరి వీణ నుండి విడిభాగముల గిటారు వరకు

వాద్యనిర్మాణమును గూర్చి మనలో ఒక అభిప్రాయము స్థిరపడియున్నది. ఒకే మ్రానును తొలిచి, ఒకే శిల్పి చేతిమీదుగా వెలువడినదే వాద్యమనియు, అంగడిలో భాగములను వేర్వేరుగా కొని మరలతో బిగించినది వట్టి అతుకుల బొంత యనియు పెద్దలు తలంతురు. నేటి యువకులు దేహమును ఒకచోట, దండిని మరియొకచోట, తీగల కంపనమును పట్టు పికప్పులను వేరొకచోట కొని విద్యుత్ గిటారును తామే కూర్చుకొనుచుండగా రాజపాళయపు ఇండ్లలో వినవచ్చు ఆక్షేపణ ఇదియే. ఇది చరిత్ర ముందు నిలుచునా యని పరీక్షించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మన వీణలు రెండు తెగలు. పనసమ్రాని మొద్దు నొక్కదానినే తొలిచి కుండ, దండి, శిరస్సు వేరుపడకుండ చేసినది ఏకాండి వీణ. బొబ్బిలి వీణకు ప్రసిద్ధి ఇందుచేతనే కలిగినది; బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో ఈ పని నేటికిని సాగుచున్నది. తంజావూరి వీణలలో పెక్కింటికి కుండ ఒక మొద్దు, దండి వేరొకటి, యాళిముఖము మరియొకటి. పిదప వీనిని అతుకుదురు. ఏకాండి నాదము అఖండమని దాని అభిమానులు చెప్పుదురు. కావచ్చును. కాని ఆ ఏకాండి వీణకు సైతము ఇత్తడి లేదా కంచు మెట్లు, ఉక్కు తీగలు, బిరడలు, గుఱ్ఱము, మెట్లను నిలుపు మైనము బయటినుండి రావలసినవే గదా! మ్రాను ఒకటియైనంత మాత్రమున వాద్యము ఒకటే వస్తువు కాజాలదు.

మరి చెక్కను వాద్యముగా చేయునది ఏది? ఇరువదినాలుగు మెట్లను మైనముపై వాని వాని స్థానములలో నిలుపుట. దీనినే మేళము కట్టుట యందురు. చెక్కపని తెలిసిన ప్రతివాడును మేళము కట్టలేడు. అందులకు చెవి కావలెను. మైనము మెత్తగా నున్నప్పుడు మెట్టును వెంట్రుకవాసి జరిపి, తీగను మీటి విని, మరల జరుపవలెను.

ఈ మేళపు చరిత్ర మన జాతికి మిక్కిలి సంబంధించినది. విజయనగరపు అళియ రామరాయల ఆశ్రయమున రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధిని రచించెను. అందు శుద్ధమేళవీణ, మధ్యమేళవీణ, అచ్యుతరాజేంద్రమేళవీణ యని మూడు విధములను చెప్పి, వానికి ఏకరాగమేళము, సర్వరాగమేళము అను భేదమును చూపెను. ఏకరాగమేళమున రాగము మారినపుడు మెట్లను జరుపుకొనవలెను. సర్వరాగమేళమున మెట్లు స్థిరములు, ఏ రాగమునకైనను చాలును. తంజావూరి నాయకరాజు, స్వయముగా తెలుగు కవియునగు రఘునాథుని పేర రఘునాథేంద్రమేళవీణ వెలసినది. ఇరువదినాలుగు స్థిరములైన మెట్లతో నేటి వీణకు రూపు కల్పించిన ఖ్యాతి సంప్రదాయము ఆయనకే ఇచ్చుచున్నది. ఆయన కుమారుడు విజయరాఘవుని కాలమున వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో డెబ్బదిరెండు మేళములను గణించెను. ఆ గణితము తాళపత్రముపై కంటె ముందు వీణదండిపై పుట్టినదని నా నమ్మకము. స్థిరములైన పండ్రెండు స్థానములు కంటికి కనబడనిదే వానిని కలిపి విడదీయు లెక్క ఎట్లు తోచును?

ఒక విశేషమును చదువరులు గమనింపవలెను. అచ్యుతరాజేంద్రమేళము, రఘునాథేంద్రమేళము: ప్రభువుల పేర్లు కుండకు గాని, చెక్కకు గాని, శిల్పమునకు గాని చేరలేదు; మేళమునకు చేరినవి. ఆ కాలపు విద్వాంసులు వాద్యమునకు ప్రాణము ఎచ్చట నున్నదని తలచిరో దీనిచే తెలియుచున్నది.

పాశ్చాత్యులు ఇదే ప్రశ్నను వేరొక తెరువున తీర్చుకొనిరి. ఇటలీలో విన్సెంజో గెలీలీ, ఖగోళశాస్త్రవేత్త గెలీలియోకు తండ్రి, 1581లో ప్రకటించిన గ్రంథమున మిగిలిన తీగపొడవులో పదునెనిమిదవ వంతు చొప్పున ఒక్కొక్క మెట్టు పెట్టుమని చెప్పెను. నేటి గిటారు శిల్పులు 18కి బదులు 17.817తో భాగింతురు. అట్లు చేసిన పండ్రెండవ మెట్టు సరిగా తీగకు నడుమ పడును. మనవారు చెవితో చేసినది వారు అంకెతో చేసిరి. అంకెకు ఒక సౌకర్యము కలదు: దండిని ఒక ఊర చేసి మరియొక ఊర అమ్మవచ్చును.

ఆ సౌకర్యమును పూర్తిగా వినియోగించినవాడు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేయుచుండిన లియో ఫెండరు. ఆయన 1950లో పలకవంటి దేహమునకు దండిని నాలుగు మరలతో బిగించిన విద్యుత్ గిటారును అంగడికి తెచ్చెను. మరుసటి యేట దానికి టెలికాస్టరు అను పేరు స్థిరపడెను. దండి చెడినచో విప్పి వేరొకటి బిగించుకొనవచ్చును. చిత్రమేమనగా ఆయనకు గిటారు వాయించుట రాదు. విడిభాగములతో గిటారును కూర్చుకొను విద్యకు ఈ నాలుగు మరలే మూలము.

పికప్పు సంగతి మన ఊరివారికి వివరించుట కష్టము కాదు. అయస్కాంతమునకు వెంట్రుక కంటె సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుట్టుదురు. ఎదుట ఉక్కుతీగ కంపించినపుడు ఆ రాగిచుట్టలో విద్యుత్తు పుట్టును. ఇత్తడి తీగకు ఈ యంత్రము చెవిటిది. 1936లో రాజపాళయం మిల్లు వెలసినది మొదలు నూలుమరలతో బ్రతుకుచున్న ఊరు మనది. కదురు ఒకచోట, మోటారు మరియొకచోట తయారైనను నూలు ఒక్కటిగనే వచ్చునని మనకు ఒకరు చెప్పవలెనా?

అయినను కొన్న భాగములు తమంతట తాము వాద్యము కాజాలవు. ఫెండరు గిటారుల తీగ కొలత 25.5 అంగుళములు, గిబ్సన్ కంపెనీవారిది 24.75. ఒక కొలత దండిని వేరొక కొలతకు రంధ్రములు వేసిన దేహమునకు బిగించినచో ఆ ముప్పాతిక అంగుళము వాద్యమును చెరచును. చూచుటకు గిటారే, పండ్రెండవ మెట్టున షడ్జము షడ్జము కాదు. కావున పై అంచు నుండి పండ్రెండవ మెట్టుకు ఎంత దూరమో అచ్చటి నుండి గుఱ్ఱమునకు అంతయే ఉండవలెను. ఇంతటితో తీరదు. మెట్టుపై నొక్కినపుడు తీగ సాగి శ్రుతి హెచ్చును గనుక ఒక్కొక్క తీగకు గుఱ్ఱమును కొలది కొలదిగా వెనుకకు జరిపి వినవలెను. మెట్లు చేరియే వచ్చినను మేళము కట్టు పని ఈ రూపమున కూర్చువాని పాలనే మిగిలినది.

ఆంగ్లదేశమున బ్రయన్ మే అను విద్యార్థి 1963లో తండ్రితో కలిసి చేయ మొదలిడిన గిటారు ఇందులకు ఉత్తమోదాహరణము. దండికి పాత చలిమంట గూటి కొయ్య, అదురు పుట్టించు సాధనమునకు మోటారుసైకిలు స్ప్రింగులు వాడిరి. తాము చుట్టిన పికప్పులు నచ్చక పిదప బర్న్స్ కంపెనీవి కొనిరి. కాని మెట్ల స్థానములు మాత్రము స్వయముగా నిర్ణయించుకొన్నవి: 24 అంగుళముల తీగకు 24 మెట్లు. మన వీణకును అన్నియే! ఇందు అనుకరణ మేమియు లేదు. రెండు స్థాయిలకు పండ్రెండేసి చొప్పున ఎవరు లెక్కించినను అంతియే యగును.

మా విద్యార్థి యొకడు ఫ్రెట్ అను మాటకు తెలుగేమని నన్నడిగెను. మెట్టు అని చెప్పగా నవ్వెను. ఇంటిలో మేడ కెక్కునది కూడ అదియే గదా! గిటారు బ్రిడ్జికి మన వైణికులు గుఱ్ఱమనిరి, తమిళులు కుదిరై యనిరి. రెంటికిని అర్థ మొక్కటే. మాటలు మన కడ నున్నవి. వానిని పిల్లలకు అందించుటయే ఆలస్యము.

సమభాగపు మెట్లపై గమకము పలుకునా యను సంశయమును తీర్చినవాడు పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్‌కు జంటతీగలు నాలుగు. నాదము క్షణమున ఆరిపోవును. ఆయన విద్యుత్ మాండలిన్‌ను గ్రహించి, జంటలను విడిచి, ఒంటితీగలు ఐదింటిని అమర్చుకొనెను. పికప్పు వలన నాదము నిలిచినది. ఒంటితీగ యగుటచే ప్రక్కకు లాగి గమకమును పలికించుటకు వీలయినది. గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాదకుడు కాడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయన పాడగా శిష్యుడు తీగపై వెదకుకొనెను. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున తొలి కచేరి; 2014లో కన్నుమూయునాటికి ఆ వాద్యము ఖండాంతరములలో వినబడినది.

పి. యస్. కుమారస్వామి రాజాగారు తమ గృహమును గాంధీ కలై మన్రమునకు, అనగా లలితకళలకు, ఇచ్చిన ఊరు మనది. అట్టి సభలో ఒక సాయంకాలము ఒక పాత వీణను, మన పిల్లలు కూర్చిన ఒక గిటారును ప్రక్కప్రక్కన పెట్టి, ఒకే శ్రుతికి చేర్చి, మోహనమో శంకరాభరణమో రెంటిపైనను వాయింపించినచో బాగుండును. ముందుగా పండ్రెండవ మెట్టు వినిపింపుడు.