పోయినవారి పేర ఒక దీపం: ఘాజియాబాద్ ప్రాంతంలో దుఃఖపు చరిత్ర

పాఠకులారా! చరిత్ర అనగానే మనకు రాజుల కాలాలు, యుద్ధాల తేదీలు గుర్తుకొస్తాయి. యుద్ధంలో ఎవరు గెలిచారో పుస్తకాల్లో ఉంటుంది. చనిపోయినవారి ఇంట్లో మర్నాడు ఎవరు పొయ్యి వెలిగించారో ఉండదు. ఈ పాఠంలో మనం ఆ రెండో విషయమే తెలుసుకుందాం. ఆత్మీయులను పోగొట్టుకున్న మనుషులు ఆ బాధను ఎలా భరించారు? వారికి ఏవి ఆసరా అయ్యాయి? ఆ ఆసరా దొరకనప్పుడు ఏం జరిగింది? ఉదాహరణగా ఢిల్లీకి ఆనుకుని ఉన్న ఘాజియాబాద్ ప్రాంతాన్ని తీసుకుందాం.

గంగ ఒడ్డున దీపాలు

ఘాజియాబాద్‌కు తూర్పున, గంగ ఒడ్డున గఢ్‌ముక్తేశ్వర్ ఉంది. 1976లో ఘాజియాబాద్ జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరు అందులో భాగం. 2011లో హాపుడ్ జిల్లా విడిపోవడంతో అందులోకి వెళ్లింది. ఇక్కడ ఏటా కార్తీక పున్నమికి పెద్ద మేళా జరుగుతుంది. పున్నమికి ముందు రోజు, చతుర్దశి సాయంత్రం, కుటుంబంలో మరణించినవారి పేర గంగలో దీపాలు వదులుతారు. కురుక్షేత్ర యుద్ధం ముగిశాక పాండవులు తమ మృతుల కోసం ఇక్కడే దీపదానం చేశారని స్థానికుల విశ్వాసం.

కార్తీకంలో నీటిలో దీపాలు వదలడం మీకు కొత్త కాదు. పోలి స్వర్గం నాడు తెల్లవారుజామునే అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కృష్ణలోనో, గోదావరిలోనో, ఊరి చెరువులోనో వదలడం మీరు చూసే ఉంటారు. అది పుణ్యం కోసం చేసే పని. గఢ్‌ముక్తేశ్వర్ దీపానికి మాత్రం ఒక పేరు ఉంటుంది. అది అమ్మ దీపమో, అన్న దీపమో, బిడ్డ దీపమో అయి ఉంటుంది.

చరిత్ర విద్యార్థిగా ఈ ఆచారంలో మీరు మూడు సంగతులు గమనించాలి. మొదటిది పేరు: ఎవరి కోసం ఏడుస్తున్నామో నలుగురి ముందూ చెప్పడం. రెండోది గడువు: దుఃఖానికి ఒక రోజు, ఒక చోటు కేటాయించడం. మూడోది తోడు: పక్కనే అదే పని చేస్తున్న వేలమంది ఉండడం. మన పెద్దకర్మ, సంవత్సరీకం, ముస్లింల ఇళ్లలో నలభయ్యో రోజు, సిక్కుల అంతిమ అర్దాస్, వీటి తంతులు వేరైనా వీటన్నింటిలోనూ ఈ మూడూ కనిపిస్తాయి. ఈ మూడింటిలో ఏది కరువైనా దుఃఖం మరింత బరువెక్కుతుంది. ఈ ప్రాంతపు చరిత్రే అందుకు సాక్ష్యం.

1857: పేరు దక్కనివారు

1857 మే 10న మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. మే 30, 31 తేదీలలో ఘాజియాబాద్ దగ్గర హిండన్ నది వద్ద బ్రిటిష్ దళానికీ ఢిల్లీ నుంచి వచ్చిన సిపాయిలకూ పోరు జరిగింది. ఓటమి ఖాయమైన వేళ ఒక సిపాయి మందుగుండు బండిలోకి తుపాకీ పేల్చాడు. ఆ పేలుడులో కెప్టెన్ ఆండ్రూస్ అనే అధికారి, అతని సైనికులు కొందరు, వారితోపాటు ఆ సిపాయి చనిపోయారు. రెండో రోజున బ్రిటిష్ సైనికుల్లో చాలామందిని తూటాల కంటే ఎండదెబ్బే కూల్చింది.

బ్రిటిష్ మృతులకు హిండన్ తీరాన సమాధులు కట్టారు. ఆండ్రూస్ పేరు చరిత్ర గ్రంథాల్లో ఉంది. బండిని పేల్చిన సిపాయి 11వ దేశీయ పదాతి దళానికి చెందినవాడని మాత్రమే రాశారు, పేరు రాయలేదు. తిరుగుబాటుదారుల ఇళ్లపై కక్ష సాధిస్తున్న ఆ కాలంలో కొడుకు పోయాడని బిగ్గరగా ఏడవడమే ప్రమాదం. కాబట్టి ఒక్క విషయం గుర్తుంచుకోండి: దుఃఖం అందరికీ ఉన్నా, దాన్ని బాహాటంగా చెప్పుకునే హక్కు అందరికీ దక్కలేదు.

1946-47: చోటు పోయినవారు

మృతుల కోసం దీపాలు వదిలే అదే గఢ్‌ముక్తేశ్వర్ మేళాలో 1946 నవంబరులో ఘోరం జరిగింది. దుకాణాలు పెట్టుకోవడానికి, వినోద ప్రదర్శనలు ఇవ్వడానికి వచ్చిన ముస్లింలపై దాడులు జరిగాయి, హింస ఊళ్లోకీ పాకింది. చరిత్రకారుడు జ్ఞానేంద్ర పాండే 2001లో వెలువడిన తన గ్రంథంలో ఈ ఘటనను విస్తారంగా చర్చించారు. మృతుల సంఖ్య విషయంలో ప్రభుత్వం చెప్పిన లెక్కకూ ఇతరుల లెక్కలకూ ఎంతో తేడా ఉంది. లెక్కే తేలని చోట పేర్లు ఎలా మిగులుతాయి?

ఆ తర్వాతి ఏడాది దేశ విభజన జరిగింది. కోటిమందికి పైగా మనుషులు సరిహద్దు దాటారు. పశ్చిమ పంజాబ్ నుంచి వచ్చిన కాందిశీకులు కొందరు ఘాజియాబాద్‌లో స్థిరపడ్డారు. వారిలో ఎంతోమందికి తమవారి శవం దొరకలేదు. తప్పిపోయినవారు బతికున్నారో లేదో కూడా తెలియనప్పుడు కర్మ ఎప్పుడు చేయాలి? ముందు కూడు, గూడు చూసుకోవాలి కాబట్టి ఎందరో నోరు మూసుకుని పనిలో పడ్డారు. ఊర్వశీ బుటాలియా విభజన బాధితుల, ముఖ్యంగా స్త్రీల, జ్ఞాపకాలను సేకరించి 1998లో పుస్తకంగా తెచ్చేసరికి అర్ధ శతాబ్దం గడిచిపోయింది.

మరి ఆసరా ఏమీ లేదా? ఉంది. హరిద్వార్ పండాల దగ్గర తరతరాల వంశావళి పుస్తకాలున్నాయి. వాటిని బహీలంటారు. ఇల్లు, ఊరు, పొలం సరిహద్దుకు అవతల ఉండిపోయిన కుటుంబాలకు తాతముత్తాతల పేర్లు ఆ పుస్తకాల్లో దొరికాయి. ఆ జాబితా చివరన తమ మృతుల పేర్లు కూడా రాయించుకోగలిగారు.

2021: తోడు దొరకనివారు

2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో విడత ఘాజియాబాద్‌ను కుదిపేసింది. హిండన్ శ్మశానవాటిక వద్ద శవాలు వరుసలో వేచి ఉన్నాయి. ఇందిరాపురం గురుద్వారా వద్ద ‘ఆక్సిజన్ లంగర్’ నడిపి, ఊపిరాడనివారికి రోడ్డు మీదే ప్రాణవాయువు అందించారు. ఈసారి పేరు ఉంది, శవమూ ఉంది, తోడే లేదు. స్నానం చేయించడం, పాడె మోయడం, ఇంటికి వచ్చి కూర్చోవడం, ఇవేవీ మామూలుగా సాగలేదు. దేశంలో ఎన్నోచోట్ల ఆంక్షల వల్ల అస్థికలు శ్మశానంలోనే చాలాకాలం ఉండిపోయాయి.

శాస్త్రం ఏమంటుంది?

దుఃఖానికి అయిదు దశలు ఉంటాయని మీరు వినే ఉంటారు. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో ఆ మాట చెప్పింది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి. ఆత్మీయులను పోగొట్టుకున్నవారందరూ ఆ వరుసలోనే నడుస్తారని రుజువు కాలేదు. 1999లో స్ట్రోబె, షుట్ అనే పరిశోధకులు మరో సంగతి గుర్తించారు. మనిషి కాసేపు దుఃఖంలో మునుగుతాడు, కాసేపు బతుకు పనుల్లోకి వస్తాడు, మళ్లీ దుఃఖంలోకి వెళతాడు. ఈ రాకపోకలు సహజమైనవే. పోయినవారితో బంధాన్ని తెంచుకోవాల్సిన పని లేదని, దాన్ని మరో రూపంలో నిలుపుకోవచ్చని 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ చూపించారు. ఏటా వదిలే దీపం చేసే పని అదే కదా! అయితే నెలలు గడిచినా రోజువారీ బతుకు సాగనంతగా బాధ ఉంటే వైద్య సహాయం అవసరం. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఈ స్థితిని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది.

మన దగ్గర

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి, కనీసం పదివేల మందిని బలిగొంది. గుర్తుపట్టలేని శవాలను సామూహికంగా దహనం చేయాల్సి వచ్చింది. అవనిగడ్డ వద్ద వారి స్మారకం ఉంది. పేరుపేరునా సమాధి లేనప్పుడు అందరికీ కలిపి ఒక చోటు కల్పించడం అంటే అదే.

పాఠకులారా! తిక్కన భారతాన్ని తెలుగు చేస్తూ స్త్రీపర్వాన్ని కూడా తెలుగు చేశాడు. యుద్ధం ముగిశాక ఏడ్చేవారి మాట వినకుండా కథ ముగియదని మన సాహిత్యానికి ఏడువందల ఏళ్ల క్రితమే తెలుసు. మీ ఊళ్లో పెద్దలను ఒక్కసారి అడగండి: మన ఇంట్లో కర్మ జరగనివారు, పేరు చెప్పనివారు ఎవరైనా ఉన్నారా? వారు చెప్పేది శ్రద్ధగా విని రాసుకోండి. మీ ఇంటి చరిత్రలో మొదటి పుట అదే కావచ్చు.